నీళ్ల మధ్య బోడియమ్ కోట

శ్రోతలందరికీ నమస్కారం.

పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లాను. "లండన్‌లో మ్యూజియాలు చాల్లే నాన్నా, నీకొక అసలైన కోట చూపిస్తా రా" అని ససెక్స్ ప్రాంతంలో ఉన్న బోడియమ్‌కు తీసుకెళ్లింది. టెంటర్‌డన్ అనే ఊళ్లో ఆవిరి రైలెక్కి, పొలాల మధ్య నుంచి మెల్లగా వెళ్లి బోడియమ్ స్టేషన్‌లో దిగాం.

కోట చూడగానే నోట మాట రాలేదు. నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు, ఒక్కొక్కటీ 60 అడుగుల దాకా ఎత్తు. చుట్టూ ఉన్నది మనం అనుకునే కందకం కాదు, చెరువే. కోట మొత్తం నీళ్లలోంచి పైకి లేచినట్టుంటుంది. గాలి ఆగితే కింద ఇంకో కోట కనిపిస్తుంది.

దీన్ని కట్టించినవాడు సర్ ఎడ్వర్డ్ డాలింగ్‌రిడ్జ్. ఫ్రాన్స్ యుద్ధాల్లో డబ్బు గడించాడు. భార్య ఎలిజబెత్ వైపు నుంచి ఈ ఊరు కలిసొచ్చింది. ఆ రోజుల్లో ఫ్రెంచివాళ్లు సముద్రం దాటొచ్చి తీరప్రాంత ఊళ్లను తగలబెట్టేవారు. 1377లో దగ్గర్లోని రై పట్టణం అలాగే కాలిపోయింది. ఇంటికి కోటగోడ కట్టుకోవాలన్నా రాజుగారి అనుమతి కావాలి. రెండో రిచర్డ్ 1385లో ఆ అనుమతి ఇచ్చాడు. ఇది నిజంగా యుద్ధం కోసం కట్టిందా, దర్జా కోసమా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రెండూ అయి ఉంటాయని నాకనిపించింది.

ఎందుకంటే ద్వారం దగ్గర నిలబడితే భయమే వేస్తుంది. తల పైకెత్తితే, శత్రువు రాగానే పైనుంచి దబ్బున దింపే బరువైన ఓక్ చెక్క జాలీ తలుపు, ఇనుప రేకులు తొడిగింది, ఇప్పటికీ ఉంది. ఇంగ్లండ్‌లో ఇంత పాతవి మిగిలినవి చాలా తక్కువ. దాని వెనక కప్పులో గుండ్రటి రంధ్రాలు. లోపలికి చొరబడ్డవాళ్ల నెత్తిన రాళ్లో మరొకటో వేయడానికి. గోడల్లో తుపాకి గొట్టం పట్టేలా తాళంచెవి ఆకారపు కంతలు.

అదే లోపలికెళితే 30కి పైగా చలిమంట గూళ్లు, 28 మరుగుదొడ్లు! మందపాటి గోడలోనే చిన్న గది, అందులోంచి నేరుగా కిందికి గొట్టంలాంటి దారి. అంతా ఆ అందమైన నీళ్లలోకే పోయేది. ఒక గదిలోకి దూరి కిందికి తొంగిచూశాను. కింద పచ్చగా మెరుస్తున్న నీళ్లే కనిపించాయి.

మిగతా లోపలంతా ఖాళీ. 17వ శతాబ్దంలో అంతర్యుద్ధం రోజుల్లో చేతులు మారాక లోపలి కట్టడాలు విప్పేశారు. గోడ మధ్యలో ఎక్కడో పొయ్యిగూడు వేలాడుతూ ఉంటుంది, దాని కింద ఉండాల్సిన నేల లేదు. 1829లో పడగొట్టేయబోతుంటే జాన్ ఫుల్లర్ అనే ఆయన కొని ఆపాడు.

తరవాత మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కొన్నవాడి పేరు విని ఉలిక్కిపడ్డాను. లార్డ్ కర్జన్. మా ఇంట్లో ఆ పేరెత్తితే తాతగారి మొహం మారిపోయేది. 1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేసినవాడు. ఆ మంటల్లోంచే వందేమాతరం ఉద్యమం మన రాజమండ్రి దాకా వచ్చింది. అందులో పాల్గొన్నందుకే 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. అదే కర్జన్ 1904లో మన ప్రాచీన కట్టడాల రక్షణకు చట్టం తెచ్చాడు, తాజ్‌మహల్‌కు మరమ్మతులు చేయించాడు. ఇక్కడేమో కందకంలో నీళ్లు తోడించి, పూడిక తీయించి, గోడలు బాగుచేయించి, 1925లో చనిపోతూ కోటను, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసిచ్చాడు.

తాతగారి కోపం నాకు తగ్గలేదు. కానీ ఆ గోడలు నిలబెట్టినందుకు ఆయనకు ఋణపడి ఉన్నామన్న మాట కూడా కాదనలేను. రెండూ మనసులో పెట్టుకునే బురుజు మెట్లెక్కాను. ఒక్క మనిషి పట్టేంత ఇరుకు, మెలికలు తిరిగే మెట్లు, పట్టుకోవడానికి తాడు. పైకెళ్లాక రోదర్ నది, దూరంగా మా పొగబండి వదిలిన తెల్లటి పొగ కనిపించాయి.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి ఆ దేశం వెళ్తే బోడియమ్‌కు ఒక పూట కేటాయించండి. మోకాళ్ల నొప్పులుంటే బురుజు ఎక్కకపోయినా ఫరవాలేదు. కోట చుట్టూ నీటి గట్టు మీద మాత్రం తప్పకుండా ఒక రౌండ్ నడవండి. ద్వారంలో ఒక్క నిమిషం ఆగి, ఆ చెక్క తలుపు వైపు తల పైకెత్తండి.

నమస్కారం.