మిలిటరీ తాత పోయాడు, అవ్వ పెన్షన్ ఎందుకు ఆగింది?

"మిలిటరీ వాళ్ళకేం, మనిషి పోయినా పెన్షన్ ఇంటికొస్తాది. అంతా గవర్నమెంటే చూసుకుంటాది."

మాజీ సైనికుడు చనిపోయిన ఇంటి ముందు, షామియానా కింద కూర్చుని ఎవరో ఒకరు ఈ మాట అంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఇంటి ఆడమనిషి తర్వాత ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో ఆ అన్నాయనకు తెలియదు. అందుకే ఈ వీడియో.

గుత్తిలో మా వీధి చివర ఒక తాత ఉండేవాడు. 1968లో, మీసాలు కూడా సరిగా రాని వయసులో, రైలెక్కి బెంగళూరు పోయి మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. సాపర్స్ అంటే సైన్యంలో ఇంజనీర్లు. వంతెన వేయాలన్నా, మందుపాతరలు తీయాలన్నా వాళ్ళే పోవాలి.

1971 డిసెంబరు యుద్ధం జరిగింది 13 రోజులే. 3వ తేదీ మొదలై 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోవడంతో ముగిసింది. మనం ఢాకా గురించే మాట్లాడుకుంటాం. కానీ అదే సమయంలో పడమటి వైపు, శకర్‌గఢ్ సెక్టారులో, బసంతర్ నది దగ్గర భీకరంగా ట్యాంకుల యుద్ధం జరిగింది. నది దాటితే అవతలంతా మందుపాతరలే. ట్యాంకు పోవాలంటే ముందు ఇంజనీర్లు దారి చేయాలి. పైన శత్రువు గుళ్ళు కురిపిస్తుంటే, చీకట్లో, నేలలో పాతిన మందుపాతరలు తీసుకుంటూ పోవడం ఊహించుకోండి. ట్యాంకులో వాళ్ళకు కనీసం చుట్టూ ఇనుముంటుంది. వీళ్ళకు ఒంటిమీద చొక్కానే. మా వీధి తాత ఆ దారి చేసిన వాళ్ళలో ఒకడు. అప్పటికి ఆయనకు ఇరవై ఒకటో, ఇరవై రెండో.

[స్క్రీన్ మీద: పశ్చిమీ స్టార్ దగ్గరగా]

ఇది పశ్చిమీ స్టార్. 1971లో పడమటి సరిహద్దులో పనిచేసిన వాళ్ళకు ఇచ్చారు. తూర్పున పనిచేసిన వాళ్ళకు పూర్వీ స్టార్. వెనక్కి తిప్పితే సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. మీ ఇంట్లో తాతల నాటి ట్రంకు పెట్టె ఉంటే ఒకసారి వెతకండి. పాత ఇత్తడి సామానుతో పాటు ఇలాంటివి తూకానికి వేసేస్తున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

1984లో నాయక్‌గా రిటైరయ్యాడు. అప్పటికి వయసు ముప్పై నాలుగు! ఇక్కడ చాలామందికి అర్థం కానిది ఇదే. మన ఆఫీసుల్లో ఆ వయసుకు ప్రమోషన్ కోసం చూస్తుంటారు. జవాన్లను మాత్రం సైన్యం కుర్రవాళ్ళుగా ఉండగానే ఇంటికి పంపించేస్తుంది. పిల్లలు అప్పుడే బడికి పోతుంటారు. అందుకే రెండో ఉద్యోగం తప్పదు. ఈయన ఒక బ్యాంకు ముందు డబుల్ బ్యారెల్ తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు, చాలా ఏళ్ళు. ఊరికి ఆయన "మిలిటరీ తాత". చాలామంది ఆయన్ని పలకరించేది క్యాంటీన్ కోటా సీసా కోసమే. బసంతర్ గురించి అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

సరే, పెన్షన్ సంగతికి వద్దాం. బోరు గురించి మన సీమవాళ్ళకు నేను చెప్పాల్సిన పనిలేదు కాబట్టి, పెన్షన్‌ను బోరు అనుకోండి.

సైనికుడి పెన్షన్ చివరి జీతంలో సగం. నూరు రూపాయలకు యాభై. దాన్ని రెండున్నర ఇంచుల నీళ్ళు అనుకుందాం. ఆయన చనిపోయాక భార్యకు వచ్చే సాధారణ ఫ్యామిలీ పెన్షన్ నూటికి ముప్పై. అంటే అదే బోరు ఒకటిన్నర ఇంచుకు పడిపోతుంది. రిటైరయ్యాక చిన్న వయసులోనే చనిపోతే కొన్నాళ్ళు తగ్గకుండా పోస్తుంది: చనిపోయిన రోజు నుంచి 7 ఏళ్ళు, లేదా ఆయనకు 67 నిండే వరకు, ఏది ముందైతే అది. మా వీధి తాత 74 ఏళ్ళ వయసులో పోయాడు. కాబట్టి ఆయన భార్యకు, అంటే మా అవ్వకు, మొదటి రోజు నుంచే ఒకటిన్నర ఇంచు.

"యుద్ధం చేసినాయన కదా, పూర్తి జీతం రాదా?" అని కామెంట్లలో అడుగుతుంటారు. రాదు. యుద్ధంలోనే చనిపోతే భార్యకు చివరి జీతం మొత్తం వస్తుంది. సైనిక సేవ కారణంగా వేరే విధంగా చనిపోతే నూటికి అరవై. యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చి, ముసలితనంలో మంచం మీద పోతే ముప్పై.

ఇక అసలు సమస్య. బోరులో నీళ్ళున్నాయి, మోటారు ఉంది. కానీ కరెంటు సర్వీసు తాత పేరు మీద ఉంది. ఆయన పోగానే ఫ్యూజు పీకేశారు, అంటే పెన్షన్ ఆపేశారు. పీకాల్సిందే, అందులో తప్పులేదు. మళ్ళీ పెట్టాలంటే సర్వీసు అవ్వ పేరుకు మారాలి. మారాలంటే ఆయన భార్య ఈమేనని సైన్యం రికార్డు చెప్పాలి.

[స్క్రీన్ మీద: డిశ్చార్జ్ బుక్కు, కుటుంబ వివరాల పేజీ]

తాత డిశ్చార్జ్ బుక్కు, అంటే రిటైరైనప్పుడు సైన్యం ఇచ్చే పుస్తకం, నేను చూశాను. అట్ట ఊడిపోయి, మడతల దగ్గర చిరిగి, ప్లాస్టిక్ కవర్లో ఉంది. భార్య పేరు దగ్గర నీలం సిరాతో "లక్ష్మి" అని ఉంది. ఆధార్‌లో "లక్ష్మీదేవి". పుట్టిన తేదీ గడి ఖాళీ. పెళ్ళయినప్పుడు యూనిట్‌లో ఏ గుమాస్తా రాశాడో, అంతే రాశాడు. నలభై ఏళ్ళు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే తాత ఉన్నన్నాళ్ళూ నీళ్ళు పోస్తూనే ఉన్నాయి.

ఈ రెండక్షరాల కోసం అవ్వ నెలల తరబడి తిరిగింది. ఒక ఆఫీసులో అఫిడవిట్ అన్నారు, ఇంకో ఆఫీసులో అది సరిపోదన్నారు. తాత బతికుండగా ఒక దరఖాస్తు మీద సంతకం పెట్టి పంపుంటే ఎంత తేలికగా పోయేది! మీకు చేతులెత్తి మొక్కి చెప్తున్నా: మీ ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే, ఈ వారమే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని డిశ్చార్జ్ బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం), ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, స్పెల్లింగు, పుట్టిన తేదీ. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోండి. వాళ్ళ ద్వారా సైన్యం రికార్డ్స్ ఆఫీసుకు రాయించండి. ఇప్పుడు సైనికుల పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి వచ్చాయి కాబట్టి అందులో కూడా సరిచూసుకోండి.

పుట్టిన తేదీతో ఏం పని అంటారా? చాలా పని ఉంది. 80 నిండితే పెన్షన్ మీద 20 శాతం అదనం. 85కు 30, 90కి 40, 95కు 50 శాతం, నూరేళ్ళకు అంత పెన్షన్ మళ్ళీ అంత! ఇది ఫ్యామిలీ పెన్షన్‌కు కూడా వర్తిస్తుంది. బోరు పాతబడేకొద్దీ నీళ్ళు పెరగడం మన సీమలో ఎక్కడన్నా చూశామా? ఇక్కడ పెరుగుతాయి. కానీ అవ్వ పుట్టిన తేదీ రికార్డులో లేకపోతే ఆమెకు 80 నిండినట్టు ఎవరికి తెలుస్తుంది?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

మనిషి పోయిన 21 రోజుల్లోపు మరణం రిజిస్టర్ చేయించండి. పెన్షన్ వచ్చే బ్యాంకుకూ, స్పర్శ్‌లోనూ వెంటనే చెప్పండి. చెప్పకపోతే పెన్షన్ పడుతూనే ఉంటుంది, తర్వాత మొత్తం తిరిగి కట్టమంటారు. కార్యానికి ఖర్చయిపోయిన డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కడతారు?

జెండా. రిటైరైన ప్రతి సైనికుడికీ తుపాకుల వందనం ఉంటుందనుకుని, రాకపోతే ఇంటివాళ్ళను నిందిస్తున్నారు, పాపం. అదేమీ దానంతటదే రాదు. అంగట్లో జెండా కొని పాడె మీద కప్పడం కూడా చేయొద్దు. ప్రభుత్వ లాంఛనాలతోనో, సాయుధ దళాల లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియలకు తప్ప చట్టం ఒప్పుకోదు. వాటిలో కూడా కాషాయం రంగు తల వైపు ఉండాలి, జెండాను చితిలో కాల్చకూడదు, గోతిలో పెట్టకూడదు. కబురు మాత్రం జిల్లా సైనిక ఆఫీసుకు తప్పకుండా పంపండి.

దివ్యాంగులైన కొడుకో కూతురో ఉంటే, తల్లిదండ్రుల తర్వాత వాళ్ళకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. ఆ వివరం కూడా ఇప్పుడే ఎక్కించండి.

అసలు బోరే పడని వాళ్ళున్నారు. యుద్ధం చేసి, పెన్షన్‌కు కావాల్సిన 15 ఏళ్ళు నిండకుండా బయటికొచ్చిన వాళ్ళు. హవల్దార్ ర్యాంకు వరకు, 65 దాటి, పెన్షన్ లేనివాళ్ళకు, వాళ్ళ భార్యలకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా పెన్యూరీ గ్రాంటు, అంటే పేదరికంలో ఉన్నవాళ్ళకు ఇచ్చే సాయం, ఉంది. నెలకు 4,000 ఉండేది, 2025లో 8,000కు పెంచారు. పత్తికొండ, ఆలూరు, రాయదుర్గం వైపు పల్లెల్లో ఇలాంటి తాతలు, అవ్వలు మీకు తెలిస్తే ఈ సంగతి వాళ్ళ చెవిన వేయండి.

భూమి గురించి ఇంకో వీడియో చేస్తాను. మాజీ సైనికుల కోటాలో ఇచ్చిన డీకేటీ పట్టా భూమిని, అంటే ప్రభుత్వం పంచిన భూమిని, పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చు, కానీ రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఇరుక్కుని రిజిస్ట్రేషన్ ఆగిన కేసులు కొల్లలు. మీ ఇంట్లో అలాంటి పట్టా ఉంటే, అది ఏ సంవత్సరంలో ఇచ్చిందో చూసి కామెంట్‌లో రాయండి. సర్వే నంబరు, పేర్లు మాత్రం రాయొద్దు.