చిన్న ఉద్యోగమే, చేరాలా వద్దా?

(శ్రీకాకుళంలో దూరవిద్య డిగ్రీ పూర్తిచేసినవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఈ చదువు కోసం ఆదివారాలు వదులుకున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. మీరు పుస్తకం పట్టుకున్న పూట మీ పిల్లల్ని ఎత్తుకున్న అమ్మలకు, అత్తలకు మరీ మరీ నమస్కారం. నాకు ముందు మాట్లాడినవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని తలచుకున్నారు, సంతోషం. చిన్నప్పుడు బడి మానేసి, ఉద్యమంలో జైళ్లకెళ్లొచ్చి, మెట్రిక్ దగ్గర మళ్లీ మొదలుపెట్టి, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ చదివి, ఆపైన లాయరైన మనిషి. ఇలాంటి సభల్లో ఆ పేరు వినపడాల్సిందే.

నన్ను ‘దూరవిద్య, అవకాశాలు’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. అవకాశాల పట్టిక మీ చేతిలోని కాగితంలోనే ఉంది. పొద్దుట్నుంచి నా పక్కకొచ్చి కూర్చున్నవాళ్లలో ఒక్కరూ దాని గురించి అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: “అక్కా, పదకొండు వేలిస్తామంటున్నారు. ఈ వయసుల, ఇంత చదివి, అంత చిన్నదానికి ఎల్లాలేటి?”

నా మాట ముందే చెప్పేస్తాను. పని నేర్పే చోటైతే వెళ్లండి. జీతం తక్కువని, పైనున్నవాడు మన తమ్ముడికన్నా చిన్నవాడని మానకండి. పని నేర్పని చోటైతే నాలుగు వేలు ఎక్కువిస్తామన్నా వద్దనండి. నేర్పుతారో లేదో చేరకముందే ఎలా తెలుస్తుందంటారా, అక్కడికే వస్తున్నాను.

మాది పలాస. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పుకి పొట్టు తీసేది. పెళ్లయ్యాక నేనూ అక్కడే పప్పు ఏరే పనిలో ఉన్నాను. నిండు పప్పు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. 320 నంబరు పప్పంటే పౌనుకి, అంటే అర కిలోకి కాస్త తక్కువకి, 300 నుంచి 320 పప్పులు తూగాలి. పప్పు అరచేతిలో పడగానే ఏ రకమో చెప్పేవాళ్లం. పిల్లలు హైస్కూలుకి వచ్చాక దూరవిద్యలో బీకాం కట్టాను. అది చేతికొచ్చాక దొరికింది ఒక ఆడిటర్ గారి ఆఫీసులో బిల్లులు ఎక్కించే పని. జీతం ఫ్యాక్టరీలో వచ్చినంతే. మా అత్త అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “అంతే డబ్బులికి మూడేళ్లు చదివినావేటే?”

ఆ ఆఫీసులో నాకు పైవాడు ఇరవై మూడేళ్ల కుర్రాడు. నేను బాబూ అనేదాన్ని, తను అక్కా అనేవాడు. మొదటి నెలల్లో పనల్లా ఒకటే. సంచిలో వచ్చిన బిల్లుల కట్ట తీయాలి, తుప్పు పట్టిన పిన్నులు పీకాలి, తేదీల వారీగా పేర్చాలి, ట్యాలీ అనే కంప్యూటర్ లెక్కల ప్రోగ్రాంలో ఎక్కించాలి. ఒకరోజు ఒక జీడి వ్యాపారి కొనుగోలు బిల్లులు చూస్తున్నాను. సరుకు పేరు దగ్గర ‘జీడి’ అని ఒకే మాట. బస్తాల లెక్కలో రాసుంది, బస్తాకి 80 కిలోలు. కుర్రాడు అంతకుముందు నెలలో ఇలాంటి బిల్లుల్ని మామూలు కొనుగోలు కింద వేసేశాడు. “బాబూ, ఇది పప్పు కాదు, గుల్ల తీయని పిక్కలు” అన్నాను. “బిల్లులో లేదు కదా, నీకెలా తెలుసక్కా?” అన్నాడు. పప్పు బస్తాల్లో రాదు, పది కిలోల డబ్బాల్లో వస్తుంది. 80 కిలోల బస్తా అంటే పలాసలో చిన్నపిల్లాడైనా పిక్కలంటాడు.

ఇంతకీ దానికేమిటంటే, జీఎస్టీలో అది పెద్ద తేడా. 2017 జులై 1న ఆ చట్టం వచ్చినప్పటినుంచీ ఉన్న నియమం ఇది: రైతు దగ్గర జీడిపిక్కలు కొంటే పన్ను కట్టాల్సింది అమ్మిన రైతు కాదు, రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి. రివర్స్ చార్జ్ అంటారు. అది వదిలేస్తే తర్వాత వడ్డీతో సహా మెడకు చుట్టుకుంటుంది. కుర్రాడు వ్యాపారికి ఫోన్ చేశాడు. అవి ఉద్దానం రైతుల దగ్గర కొన్న పిక్కలే. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని పాత నెలల బిల్లులూ సరిచేశాం. మర్నాటినుంచి జీడి పార్టీల ఫైళ్లు నా బల్ల మీదికి వచ్చాయి. 11వ తేదీకి అమ్మకాల రిటర్న్, 14న జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2బీతో, అంటే మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల పట్టికతో, మన కొనుగోళ్లు సరిపోల్చడం, 20కి పన్ను కట్టే 3బీ రిటర్న్... ఇవన్నీ ఆ కుర్రాడే నేర్పాడు. పుస్తకంలో చదివిన ఖాతాలు నిజంగా నాకు అర్థమైంది అక్కడే.

అమ్మా, నేను గొప్పలు చెప్పుకోవడానికి ఇది చెప్పలేదు. మీలో పొలం పని తెలిసినవాళ్లున్నారు, పొందూరులో నూలు వడికిన చేతులున్నాయి, పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసినవాళ్లున్నారు. కింది మెట్టు ఉద్యోగంలో చేరినా అదంతా మీతోనే వస్తుంది. ఇరవై ఏళ్ల పిల్లకి లేనిది మీ దగ్గర ఉంది.

అందుకే ఇంటర్వ్యూలో జీతం తర్వాత రెండోమాటగా ఇది అడగండి: “రోజూ నా చేత ఏం చేయిస్తారు? ఎవరు నేర్పుతారు?” మాకు తెలిసిన ఒకావిడ కార్డు మీద అకౌంట్స్ అసిస్టెంటు. చేసేది మాత్రం బ్యాంకుకి చెక్కులు మోయడం, ఫోన్లు ఎత్తడం. రెండేళ్లయినా ట్యాలీ పాస్‌వర్డ్ ఇవ్వలేదు. అలాంటి చోట ఉండి లాభం లేదు.

ఇక ఖర్చుల లెక్క. ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. జీతంలో సగం బస్సుకే పోతుందని వెనకాడినవాళ్లు ఆ లెక్క మళ్లీ వేసుకోండి. 20 మంది గానీ అంతకుమించి గానీ పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. పది మంది ఉన్న చోట, జీతం 21 వేలు దాటకపోతే, ఈఎస్‌ఐ అనే వైద్య బీమా ఉండాలి. ఈఎస్‌ఐలో మన వాటా నూటికి ముప్పావు రూపాయి, యజమానిది మూడుంపావు. చేతికొచ్చేది తగ్గుతుందని ఈ రెండూ వద్దంటున్నారు మనవాళ్లు. ఇంట్లో ఒకరు ఆస్పత్రిలో పడితే తెలుస్తుంది ఆ ముప్పావు విలువ. నలుగురైదుగురే ఉండే చిన్న ఆఫీసుల్లో ఇవి దొరకవు, నేను చేరిన చోటా లేవు. అది తెలిసే చేరాలి.

ఇప్పుడు అసలు మాట. టైమైందని చీటీ వచ్చింది, అధ్యక్షుల వారు మన్నించాలి, ఇది చెప్పకుండా దిగను.

మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి! చేరేటప్పుడు చూపించండి, జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వండి, ఒరిజినల్స్ అక్కడే వెనక్కి తీసుకోండి. మా చెల్లెలు ముప్పై దాటాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి ఒకచోట చేరింది. తర్వాత ఇంకోచోట మంచి ఉద్యోగం వచ్చింది. పాతచోట కాగితాలు అడిగితే మూడు నెలల జీతం కట్టి పట్టుకెళ్లమన్నారు. నేనూ వెళ్లాను, కౌంటరు ముందు పొద్దంతా నిలబడ్డాం. బీరువా తాళం సారు దగ్గరుంది, సారు ఊళ్లో లేరు, రేపు రండి. ఆ ‘రేపు’ వచ్చేసరికి కొత్త ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. ఆ పిల్ల, తన పిల్లలు పడుకున్నాక, దీపం పెట్టుకుని చదివిన చదువది! దాన్ని తాకట్టు సామానులా బీరువాలో పెట్టుకునే హక్కు వాళ్లకి ఎవరిచ్చారు? ఇక్కడ ఎంతమంది ఒరిజినల్స్ ఇచ్చి ఉన్నారు? చేతులెత్తండి. సిగ్గుపడకండి, పైకెత్తండి... చూశారా అధ్యక్షా, ముందు వరుసల్లోనే ఇన్ని చేతులు.

చేతులెత్తినవాళ్లందరూ సభ అవగానే వెనక తలుపు దగ్గర బల్ల దగ్గరికి రండి. కాగితాలు వాపసు కోరుతూ అర్జీ ఎలా రాయాలో నేను రాసిస్తాను, రెండు ప్రతులు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వనంటే కార్మిక శాఖ ఆఫీసుకి మీతో నేనూ వస్తాను. చేరమని ఉత్తరం వచ్చినవాళ్లు ఆ ఉత్తరం తెచ్చుకోండి, సంతకం పెట్టకముందే ఇద్దరం కలిసి చదువుదాం. 11, 20 తేదీలు మాత్రం వదిలేయండి, ఆ రెండు రోజులూ మాకు రిటర్నులుంటాయి. మిగతా ఏ సాయంత్రమైనా సరే.