సునీల్ ఛెత్రి: 95 గోల్స్ మీద తెగని తగువు

నమస్కారం. సునీల్ ఛెత్రి పేరెత్తితే చాలు, మన దేశంలో ఫుట్‌బాల్ చూసేవాళ్ల మధ్య ఒకటే వాదన మొదలవుతుంది. "95 ఇంటర్నేషనల్ గోల్స్. రొనాల్డో, మెస్సీ, అలీ దాయీ తర్వాత ఇతనే" అని ఒకరంటారు. "ఎవరి మీద కొట్టాడో కూడా చెప్పు. నేపాల్, మాల్దీవులు, భూటాన్!" అని ఇంకొకరు వెంటనే అందుకుంటారు. 2024 జూన్‌లో అతను జాతీయ జట్టు నుంచి రిటైరైనప్పుడు ఈ గొడవ కొంచెం చల్లబడింది. 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో, రిటైర్మెంట్ పక్కన పెట్టి మళ్లీ వచ్చేసరికి రెట్టింపైంది.

నేను ఎటువైపో ముందే చెప్పేస్తాను. ఛెత్రి గొప్ప స్ట్రైకర్ అని నా గట్టి నమ్మకం. కానీ దానికి రుజువుగా అభిమానులు చూపించే ఆ 95 అనే అంకె సరైన సాక్ష్యం కాదు. ఆ అంకెని పట్టుకుని అతన్ని కొట్టిపారేసేవాళ్లు కూడా అసలు విషయాన్ని వదిలేస్తున్నారు.

(స్క్రీన్ మీద: 2002 నుంచి 2025 వరకు ఛెత్రి ఆడిన క్లబ్బుల పేర్లు)

కొత్తవాళ్ల కోసం అతని కెరీర్ గురించి రెండు ముక్కలు. 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు. తండ్రి ఆర్మీలో పనిచేశారు, తల్లి నేపాల్ మహిళల జట్టుకు ఆడారు. 2002లో మోహన్ బగాన్‌తో క్లబ్ కెరీర్ మొదలైంది. 2005 జూన్‌లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద ఇండియా తరఫున తన మొదటి మ్యాచ్ ఆడి, అందులోనే మొదటి గోల్ కొట్టాడు. జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో అన్నీ తిరిగి 2013లో బెంగళూరు ఎఫ్‌సీలో చేరాడు. అక్కడ రెండుసార్లు ఐ-లీగ్ (అప్పటి జాతీయ క్లబ్ లీగ్), 2018-19లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచాడు. 2021లో ఖేల్ రత్న అందుకున్నాడు, ఆ అవార్డు ఒక ఫుట్‌బాలర్‌కి రావడం అదే మొదటిసారి.

ఇక అంకె సంగతి.

చిన్న జట్ల మీద కొట్టాడన్న మాట నిజమే. అభిమానులు దీన్ని ఒప్పుకోవాలి. మన జట్టు ఎక్కువగా ఆడేది శాఫ్ (దక్షిణాసియా దేశాల) టోర్నీల్లో, పక్క దేశాలతోనే కాబట్టి గోల్స్‌లో పెద్ద భాగం అక్కడే వచ్చింది. ఒక్క మ్యాచ్ చూడండి. 2023 జూన్ 21, బెంగళూరు కంఠీరవ స్టేడియం, పాకిస్తాన్‌తో శాఫ్ మ్యాచ్. ఛెత్రి హ్యాట్రిక్, మనం 4-0తో గెలిచాం. రికార్డు పుస్తకంలో అది గొప్పగా కనిపిస్తుంది. మ్యాచ్ చూసినవాళ్లకి తెలుసు, మొదటి గోల్ పాకిస్తాన్ గోల్‌కీపర్ బంతిని సరిగ్గా తన్నలేకపోవడం వల్ల వచ్చింది, మిగతా రెండూ పెనాల్టీలు.

అయితే ఆ మొదటి గోల్‌ని ఇంకోసారి చూడండి. గోల్‌కీపర్ దగ్గరికి బంతి వెళ్తున్నప్పుడు మీదికి పరుగెత్తుకెళ్లింది ఎవరు? ముప్పై ఎనిమిదేళ్ల ఛెత్రి. చాలామంది స్ట్రైకర్లు అలాంటి బంతిని వదిలేసి నెమ్మదిగా వెనక్కి నడుస్తారు. ఛెత్రి ఊరుకోడు. గోల్‌కీపర్‌కి టెన్షన్ పెట్టేది ఆ పరుగే. లెక్కల్లో అది "గోల్‌కీపర్ తప్పు" అనే పడుతుంది, కానీ ఆ తప్పు జరిగే పరిస్థితిని తెచ్చింది ఇతనే.

మెస్సీతో, రొనాల్డోతో ఒకే వరుసలో పేరు వేసి పోస్టర్లు చేయడం మాత్రం నాకు నచ్చదు. రొనాల్డో కూడా లక్సెంబర్గ్ మీద బోలెడు గోల్స్ కొట్టాడు, నిజమే. కానీ అతను యూరో, ప్రపంచకప్ మ్యాచుల్లో కూడా కొట్టాడు. ఛెత్రికి ఆ స్థాయి మ్యాచ్‌లు దొరకలేదు. అతని కాలంలో ఇండియా ఒక్క ప్రపంచకప్‌కి కూడా క్వాలిఫై కాలేదు, 2015 ఆసియా కప్‌లో కూడా మనం లేము. దొరకని మ్యాచ్‌లో కొట్టని గోల్‌కి అతన్ని తప్పుపట్టలేం, అలాగని దాన్ని అతని ఖాతాలో వేయలేం కూడా.

అందుకని నేను వేరే లెక్క వేస్తాను. గెలవకపోతే ఏదో పోతుంది అన్న మ్యాచుల్లో ఏం చేశాడు?

2008 ఆగస్టు, ఢిల్లీ అంబేద్కర్ స్టేడియం, ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్. గెలిస్తే 2011 ఆసియా కప్‌కి నేరుగా టికెట్. తజికిస్తాన్ మీద 4-1తో గెలిచాం, మూడు గోల్స్ ఛెత్రివే. ఆ టికెట్ మీద ఖతార్ వెళ్లి, మూడు మ్యాచులూ ఓడిపోయాం. ఆ ఓటముల్లో కూడా బహ్రెయిన్ మీద ఒకటి, దక్షిణ కొరియా మీద ఒకటి కొట్టాడు.

ఇంక 2019 జనవరి 6, అబుదాబి, థాయ్‌లాండ్‌తో ఆసియా కప్ మ్యాచ్. మొదట పెనాల్టీతో ఛెత్రి గోల్, తర్వాత థాయ్‌లాండ్ సమం చేసింది. రెండో సగం మొదలవగానే కుడివైపు నుంచి ఉదాంత సింగ్ బంతిని లోపలికి పంపాడు. ఆషిక్ కురుణియన్ దాన్ని ఒక్క తాకుతో వెనక్కి వదిలాడు. ఛెత్రి బంతిని ఆపలేదు, సర్దుకోలేదు, వచ్చింది వచ్చినట్టే కొట్టాడు. డిఫెండర్లకి అడ్డుపడే సమయం ఇవ్వలేదు. మ్యాచ్ 4-1తో ముగిసింది. ఆసియా కప్‌లో 1964 తర్వాత మనకి అదే మొదటి విజయం. థాయ్‌లాండ్ తన కోచ్‌ని మర్నాడే తీసేసింది. చిన్న జట్ల మీదే కొడతాడు అనేవాళ్లకి నేను చూపించే గోల్ ఇదే.

దీనికి ఎదురుగా 2024 జనవరి కూడా పెట్టాలి. ఖతార్ ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ ఓడాం. జట్టు మొత్తం కలిపి ఒక్క గోల్ లేదు. కెప్టెన్ ఛెత్రికి అప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు. అదీ అతని కథలో భాగమే.

(స్క్రీన్ మీద: "విదేశాల్లో ఆడలేకపోయాడు")

విమర్శకులు తరచూ తీసే ఇంకో మాట ఇది. 2009లో ఇంగ్లండ్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం దాకా వెళ్లింది. వర్క్ పర్మిట్ రాలేదు, కారణం ఫిఫా ర్యాంకింగ్స్‌లో ఇండియా మొదటి 70లో లేకపోవడం. అంటే ఆటగాడి కాలిలో ఎంత పదునున్నా దేశం ర్యాంకు అడ్డుపడింది. 2010లో అమెరికాలో కాన్సస్ సిటీ విజార్డ్స్‌కి, 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ క్లబ్ రెండో జట్టుకి వెళ్లాడు. రెండు చోట్లా నిలదొక్కుకోలేదు. ఇందులో దాచడానికేం లేదు, అక్కడ తన స్థానం గెలుచుకోలేకపోయాడు. అతను ఆసియాలో నిలిచిన స్ట్రైకర్. యూరప్‌లో రాణించేవాడే అని ఊహించి గొప్పలు పోవాల్సిన పనిలేదు.

ఇప్పుడు అన్నిటికంటే వేడి పుట్టించే విషయం. ఐఎస్ఎల్ క్లబ్ కేరళ బ్లాస్టర్స్ అభిమానులు ఈ భాగం కోసమే వీడియో తెరిచి ఉంటారు.

2023 మార్చి 3, ఐఎస్ఎల్ నాకౌట్ మ్యాచ్, మళ్లీ కంఠీరవే. తొంభై నిమిషాలు గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో, 96వ నిమిషంలో, బాక్స్ బయట బెంగళూరుకి ఫ్రీకిక్ వచ్చింది. బ్లాస్టర్స్ ఆటగాళ్లు బంతికి అడ్డంగా వరుసగా నిలబడి ఇంకా గోడ కట్టుకుంటున్నారు, గోల్‌కీపర్ సర్దుకోలేదు. ఛెత్రి ఆగకుండా బంతిని ఖాళీ గోల్‌లోకి ఎత్తి వేశాడు. రిఫరీ గోల్ ఇచ్చేశాడు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన ఆటగాళ్లని మైదానం నుంచి బయటికి తీసుకుపోయాడు. మ్యాచ్ బెంగళూరుదైంది. తర్వాత భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ బ్లాస్టర్స్‌కి 4 కోట్ల రూపాయల జరిమానా వేసి, కోచ్‌ని పది మ్యాచ్‌లు నిషేధించింది.

నియమం ఏమంటుంది? ఫ్రీకిక్‌కి విజిల్ కోసం ఆగడం ప్రతిసారీ తప్పనిసరి కాదు. బంతి కదలకుండా ఉంటే దాడి చేసే జట్టు వెంటనే తన్నొచ్చు. కానీ రిఫరీ కలగజేసుకుని గోడని వెనక్కి జరపడం మొదలుపెడితే మాత్రం విజిల్ కోసం ఆగాల్సిందే. గొడవంతా ఇక్కడే. రిఫరీ అప్పటికే చోటు చూపించి గోడ విషయంలో కలగజేసుకున్నాడని బ్లాస్టర్స్ వాదన. తనకి విజిల్ గానీ గోడ గానీ అక్కర్లేదని రిఫరీకి ముందే చెప్పానని ఛెత్రి మ్యాచ్ అయ్యాక అన్నాడు.

నా అభిప్రాయం ఇది. విజిల్ ఎప్పుడన్నది తేల్చాల్సింది రిఫరీ. ఛెత్రి దొరికిన అవకాశం వాడుకున్నాడు, ప్రత్యర్థి నిద్రపోతున్న క్షణాన్ని పట్టుకోవడమే స్ట్రైకర్ పని. అయినా బ్లాస్టర్స్ అభిమాని గుండె మండటాన్ని నేను తక్కువ చేయను. సీజన్ మొత్తం వెంట తిరిగిన జట్టు అలా బయటికి నడిచిపోవడం చూడటం చాలా కష్టం. ఆ కోపం ఛెత్రి మీద ఇంకా ఉంటే ఉండనీయండి. కాకపోతే ఇరవై ఏళ్ల కెరీర్‌ని ఆ ఒక్క కిక్‌తో చెరిపేయకండి. ఆ తర్వాత 2024 డిసెంబర్‌లో అదే బ్లాస్టర్స్ మీద, అదే మైదానంలో, నలభై ఏళ్లు దాటాక హ్యాట్రిక్ కొట్టాడు. దాంట్లో విజిల్ తగువేమీ లేదు.

(స్క్రీన్ మీద: ముంబై ఫుట్‌బాల్ అరీనా, జూన్ 2018)

అభిమానులతో అతని బంధం గురించి చెప్పాలంటే 2018 జూన్ తప్పక రావాలి. ముంబైలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ మొదటి మ్యాచ్‌లో చైనీస్ తైపీ మీద 5-0, ఛెత్రి హ్యాట్రిక్. చూడటానికి వచ్చింది రెండున్నర వేల మంది. మర్నాడు ఒక వీడియో పెట్టాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియంకి వచ్చి తిట్టండి అని బతిమాలాడు. జాతీయ జట్టు కెప్టెన్ అలా అడుక్కోవాల్సి రావడం అప్పట్లో నన్ను చాలా బాధపెట్టింది. రెండు రోజుల తర్వాత కెన్యాతో మ్యాచ్‌కి టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. అది అతని నూరో మ్యాచ్, వర్షంలో రెండు గోల్స్ కొట్టాడు. లీగ్‌లో గోల్స్ కొట్టేవాళ్లు చాలామంది ఉండొచ్చు. ఒక్క మాటతో స్టేడియం నింపగలిగినవాడు ఆ తరంలో ఇతనొక్కడే.

ఇక తిరిగి రావడం గురించి. "కుర్రాళ్లకి అడ్డుపడుతున్నాడు" అన్నది దీని మీద వచ్చే ప్రధాన ఆరోపణ. ఎవరికి అడ్డు? అతను 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 డ్రా ఆడి వెళ్లిపోయాడు. తొమ్మిది నెలలు స్థానం ఖాళీగానే ఉంది. ఆ ఏడాది ఇండియా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2024-25 ఐఎస్ఎల్ సీజన్ మొత్తంలో ఛెత్రి 14 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్‌లో ఇంకే భారతీయుడూ అన్ని కొట్టలేదు. కోచ్ మనోలో మార్కెజ్ పిలవక ఏం చేస్తాడు? షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద ఛెత్రి హెడర్‌తో కలిపి 3-0తో గెలిచాం. 489 రోజుల తర్వాత ఇండియాకి అదే మొదటి గెలుపు.

మన దగ్గర స్ట్రైకర్ల కొరతకి కారణం కళ్లముందే ఉంది. 2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పుడు మైదానంలో పదకొండు మందిలో ఆరుగురు విదేశీయులు ఉండొచ్చు. 2017-18లో ఐదుగురు, 2021-22 నుంచి నలుగురు. ఏ క్లబ్ అయినా డబ్బు పెట్టి తెచ్చుకునే విదేశీ ఆటగాడిని ఎక్కడ పెడుతుంది? ఎక్కువసార్లు ముందు వరుస మధ్యలోనే. మన కుర్రాళ్లు వింగ్‌కి, అంటే మైదానం పక్క అంచుకి జరుగుతారు. ఏడాదంతా వింగ్‌లో పరుగెత్తినవాడిని జాతీయ జట్టుకి పిలిచి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడమంటే బాక్స్‌లో ఎక్కడ నిలబడాలో ఎప్పుడు నేర్చుకుంటాడు? ఛెత్రి ఆ స్థానంలో ఎదిగింది ఐఎస్ఎల్ రాకముందు.

తిరిగి వచ్చి జట్టుని గట్టెక్కించాడా అంటే, లేదు. 2027 ఆసియా కప్ క్వాలిఫయర్లలో, షిల్లాంగ్‌లోనే బంగ్లాదేశ్‌తో 0-0. జూన్‌లో హాంకాంగ్ చేతిలో 1-0 ఓటమి. అక్టోబర్‌లో మడ్గావ్‌లో సింగపూర్ 2-1తో గెలిచింది, మన 2027 ఆసియా కప్ ఆశ పోయింది. బంగ్లాదేశ్ మ్యాచ్‌లో అతని కాళ్లలో పాత వేగం లేదు, అది చూసినవాళ్లందరికీ తెలిసింది. కానీ ఆ ఓటముల్ని నలభై ఏళ్లవాడి నెత్తిన వేయడం అన్యాయం. పదేళ్లపాటు ఒక్క స్ట్రైకర్‌ని కూడా తయారుచేయని ఫెడరేషన్, క్లబ్బులు ముందు జవాబు చెప్పాలి.

చివరిగా, "దేశంలో ఆల్ టైమ్ బెస్ట్ ఛెత్రేనా?" అన్న ప్రశ్న.

ఇక్కడ మన హైదరాబాద్ వాళ్లకి ఒక హక్కుంది. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం సాధించింది. ఫైనల్‌లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించింది. ఆ జట్టు ముందు వరుసలో పీకే బెనర్జీ, చునీ గోస్వామిలతో పాటు సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టినవాడు. 1963లో అనారోగ్యం వల్ల ఆట వదిలేశాడు, లేకపోతే ఇంకా ఎన్ని కొట్టేవాడో.

అంకెలు పక్కపక్కన పెడితే బలరాం ఛెత్రి దరిదాపుల్లోకి రాడు. కానీ బలరాం ఒలింపిక్స్‌లో, హంగరీ లాంటి పెద్ద జట్టు మీద కూడా కొట్టాడు. మరోవైపు, ఆ పాత జట్టులో ఎవరూ ఛెత్రిలా రెండు దశాబ్దాలపాటు జట్టు భారాన్ని దాదాపు ఒంటరిగా మోయలేదు. ఛెత్రి పక్కన పీకే లేడు, చునీ లేడు, వెనక రహీం లేడు.

నా ఓటు చెప్తాను. ఒక్క మ్యాచ్‌కి, ప్రాణం మీదికి వచ్చిన ఫైనల్‌కి ముందు వరుసలో ఒక్కరినే ఎంచుకోమంటే బలరాంని దించుతాను. ఇరవై ఏళ్లకి ఒక్క స్ట్రైకర్‌ని ఇస్తామంటే, ఆలోచించకుండా ఛెత్రిని తీసుకుంటాను. మీరు ఎవరి పేరు చెప్తారో కామెంట్లలో రాయండి. దాంతోపాటు ఏ మ్యాచ్ చూసి అలా అంటున్నారో కూడా రాయండి, గోల్స్ లెక్క ఒక్కటే కాదు.