గ్లోబోకార్ ‘తూషే’ రివ్యూ: డైలాగ్ చెప్పే ఏడు వాద్యాలు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ సీడీ రివ్యూ కోసం ఉచితంగా వచ్చింది, డబ్బులేమీ తీసుకోలేదు. నేరుగా ‘తూషే’కి వెళ్లిపోదాం.

స్వరకర్త, ట్రాంబోన్ (ఇత్తడి ఊదుడు వాద్యం) కళాకారుడు వింకో గ్లోబోకార్ 1973లో రాసిన సోలో ఇది. కళాకారుడు ఒక్కడే. జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ ‘గెలీలియో’ నాటకంలోని మాటలు ఫ్రెంచ్‌లో చెబుతూ, చేతులతో ఏడు వాద్యాలు వాయిస్తాడు. ఏ వాద్యాలన్నది స్కోరులో, అంటే సంగీతం రాసిన ప్రతిలో, ఉండదు! ఏడు ఫ్రెంచ్ అచ్చులు ఉంటాయి, ఒక్కోదానికి దగ్గరగా మోగే వాద్యాన్ని వాయించేవాళ్లే ఎంచుకోవాలి.

ఈ ఎంపికలోనే రచన నిలబడుతుంది, లేదా పోతుంది. ‘ఊ’కి లోతుగా, మూసుకున్నట్టు పలికే పెద్ద చర్మవాద్యం బాగుంటుంది. ‘ఈ’కి సన్నగా, పదునుగా మోగే లోహమో గట్టి చెక్కో కావాలి. ‘ఆ’ విప్పారి మోగాలి. అసలు చిక్కు మధ్యలో ఉన్నవాటితో. ఫ్రెంచ్‌లో ‘ఏ’లు రెండు, ఒకటి బిగువుగా, ఇంకోటి నోరు మరికాస్త తెరిచి. పెదాలు సున్నా చుట్టి ‘ఈ’ అంటే వచ్చే అచ్చు ఇంకోటి, అది మన తెలుగులో లేనే లేదు. ఈ మూడింటికీ ఒకే రకం డ్రమ్ములు పెట్టుకుంటే మాట ముద్దయిపోతుంది. గాంగ్ లాంటిది పెట్టినా ఇబ్బందే, దాని మోత ఆగేలోపు తర్వాతి మూడు అక్షరాలు అయిపోతాయి. ఆ మోతను అరచేత్తో నొక్కి ఆపాలి, అంటే ఒక చెయ్యి అక్కడే ఇరుక్కుంటుంది.

మృదంగం వాళ్లకు జతులు నోటితో చెప్పి వాయించడం కొత్త కాదు. కానీ జతికి నిఘంటువులో అర్థం ఉండదు కదా, ఇక్కడ చేతులు చెప్పేది డైలాగు. గొంతు తగ్గిపోయి వాద్యాలు మాత్రమే మిగిలిన చోట కూడా చెవి మాటను వెతుక్కుంటుంది. అద్భుతం అండీ ఆ చోటు!

ఈ సీడీ మీద నా కోపమూ అక్కడే. గొంతు మైకును బాగా పైకి లేపి మిక్స్ చేశారు. మాట ముందుకొచ్చి వాద్యాలు నేపథ్య సంగీతం అయిపోయాయి. రెండూ ఒకే స్థాయిలో ఉంటేనే ఏది నోరు, ఏది చెయ్యి అన్న తికమక పుడుతుంది.

ఇలాంటి ఆలోచన ఈయనకు ఎక్కడిదంటే, జీవితం చూడండి. 1934లో ఫ్రాన్స్‌లోని అందెర్నీలో స్లొవేనియా వలస కుటుంబంలో పుట్టాడు. పదమూడేళ్లకు ఇప్పటి స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానా చేరి అక్కడ జాజ్ ట్రాంబోన్ వాయించాడు, 1955లో మళ్లీ ఫ్రాన్స్‌కి, పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలకి. స్వరకర్తలు లెయిబోవిట్జ్, బెరియోల దగ్గర సంగీత రచన నేర్చుకున్నాడు. ‘తూషే’ కంటే ముందే, అయిదు ట్రాంబోన్ల ‘దిస్కూర్ 2’లో ఇత్తడి గొట్టాల చేత అచ్చులూ హల్లులూ పలికించాడు. ‘తూషే’ రాసిన ఏడాదే పారిస్‌లోని సంగీత పరిశోధన సంస్థ ఇర్కామ్‌లో గాత్ర, వాద్య పరిశోధన విభాగం బాధ్యత తీసుకున్నాడు, 1979 దాకా అక్కడే.

ఈయనదే ఇంకో రచన, 1985 నాటి ‘కోర్పొరెల్’ని మాత్రం ఆడియోలో వినకండి. అందులో వాద్యం కళాకారుడి ఒళ్లే, చూడకపోతే సగం పోయినట్టే.

కొనాలా? ‘తూషే’ మీకు ఇదే మొదటిసారైతే ఈ సీడీ వద్దు. ముందు చేతులు దగ్గరగా కనిపించే కచేరీ వీడియో ఒకటి చూడండి. ఆ ఏడు శబ్దాలూ చెవికి పట్టాక దీన్ని హెడ్‌ఫోన్స్‌లో వినండి.