పోత అంకె, పంచ్ నంబరు: పాత ఇంజన్‌ను చదవడం ఎలా?

(కడపలో పాత కార్ల యజమానులు, మెకానిక్కులు, పాలిటెక్నిక్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన జిల్లా ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ళ అనే ఊరుంది. అక్కడి గుడి ఆవరణలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని, తెలుగులో రాసిన శాసనాల్లో అదే మొదటిదని పండితులు చెబుతారు. అలాంటి పాత రాతి ముందు ఊరికే నిలబడితే గీతలు తప్ప ఏమీ కనబడవు. శాసన పరిశోధకులు ముందు రాతిని శుభ్రంగా కడుగుతారు. తడి కాగితం అంటించి, కుంచెతో మెత్తగా కొట్టి, అది గుంటల్లోకి దిగాక పైన సిరా అద్దుతారు. గుంటల్లోకి సిరా పోదు కాబట్టి అక్షరాలు తెల్లగా పైకి తేలుతాయి. పాత ఇంజన్ ముందు మనం చేయవలసిన పని కూడా ఇదే. కొనేవారు ధర అడుగుతారు, స్టార్ట్ చేయించి శబ్దం వింటారు, పొగ రంగు చూస్తారు. బ్లాకును, అంటే సిలిండర్లు ఉండే ఇంజన్ ఇనుప దిమ్మెను, చదివేవారు మాత్రం అరుదు. ఇనుము మీద రాసిపెట్టి ఉన్న దాన్ని చదవకుండా డబ్బు చేతికివ్వడం నాకు బాధగా ఉంటుంది.

బ్లాకు మీద అంకెలు రెండు రకాలు. కొన్ని ఉబ్బెత్తుగా ఉంటాయి, కొన్ని లోతుగా దిగి ఉంటాయి. ఈ తేడా వేలితో తడిమితేనే తెలుస్తుంది. ఉబ్బెత్తుగా ఉన్నది పోతలో వచ్చిన అంకె, మనం క్యాస్టింగ్ నంబరు అంటాం. లోతుగా ఉన్నది తర్వాత పంచ్‌తో కొట్టినది. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే సగం పొరపాట్లు జరుగుతున్నాయి.

పోత అంకె ఎలా పుడుతుందో చూడండి. ఫౌండ్రీలో బ్లాకు ఆకారంలో ఒక ప్యాటర్న్ ఉంటుంది. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే అదే ఆకారంలో గుంట మిగులుతుంది. నీళ్లు తిరగవలసిన దారుల్లో, సిలిండర్ల చోట ఇసుకతోనే చేసిన కోర్లు పెడతారు. అప్పుడు కరిగిన ఇనుము పోస్తారు. ప్యాటర్న్ మీద అంకె ఉబ్బుగా ఉంటే ఇసుకలో గుంటవుతుంది, ఇనుములో మళ్లీ ఉబ్బుగా లేస్తుంది. ఒక ప్యాటర్న్‌తో వేల బ్లాకులు పోస్తారు. అందువల్ల ఆ అంకె ఒక్క బ్లాకుది కాదు, ఆ అచ్చులో పుట్టిన బ్లాకులన్నిటిదీ. ఇంటిపేరు లాంటిది.

కానీ పోసిన తేదీ రోజూ మారాలి కదా? దానికోసం చిన్న చిన్న అంకెల బిళ్లలను ప్యాటర్న్‌కు మరలతో బిగించి, తేదీ మారినప్పుడల్లా మార్చేవారు. కొన్ని బ్లాకుల్లో తేదీ పక్కన ఆ మర తల, దాని నడుమ గాటు కూడా ఇనుములో అచ్చు దిగి కనిపిస్తాయి. టార్చి వెలుగులో ఆ గాటును చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఎప్పుడో యాభై ఏళ్ల కిందట, ఎక్కడో సముద్రాల అవతల, ఒక పనివాడు పొద్దున్నే స్క్రూడ్రైవర్ పట్టుకుని నిన్నటి బిళ్ల తీసి ఈనాటి బిళ్ల బిగించాడు. ఆ చేతి పని ఇప్పుడు మన కడప బండ మీద కూర్చుని ఉంది.

పంచ్ నంబరు కథ వేరు. పోత చల్లారి, మిషన్ మీద చదును చేసి, ఇంజన్ బిగించిన తర్వాత ఉక్కు అక్షరాలతో కొట్టేది అది. ఆర్.సి.లో ఉండే ఇంజన్ నంబరు ఇదే. బండి చేతులు మారేటప్పుడు కాగితం పెట్టి, పెన్సిల్ రుద్ది ముద్ర తీస్తామే, అది కూడా పంచ్ కొట్టిన అంకెలకే. పంచ్‌ను ఎవరైనా కొట్టగలరు. రాజులు దానం చేయకపోయినా చేసినట్టు రాగి రేకుల మీద రాయించుకున్న వాళ్లున్నారు, వాటిని కూట శాసనాలు అంటారు. అంకెల పంచ్ సెట్టు కొనుక్కున్న ప్రతివాడూ ఒక కూట శాసనం తయారు చేయగలడు. పోత అంకెను మార్చడం అంత తేలిక కాదు. అరగదీస్తే ఆ చోటు నున్నగా మారి, చుట్టూ ఉన్న ఇసుక గరుకు మధ్య మచ్చలా పట్టిస్తుంది.

అలాగని పోత అంకె దొరికితే అంతా తెలిసిపోయిందని అనుకోకండి. ఒక ఉదాహరణ చెబుతాను. షెవ్రొలే చిన్న వి-8 ఇంజన్లలో 3970010 అనే అచ్చు చాలా పేరున్నది. ఇది 1969 మోడళ్లతో మొదలైంది. ఈ ఒక్క అచ్చులోంచే 302, 327, 350 ఘనపు అంగుళాల ఇంజన్లు మూడూ వచ్చాయి. మూడింటికీ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, నాలుగు అంగుళాలే (101.6 మిల్లీమీటర్లు). తేడా అంతా స్ట్రోకులో, అంటే పిస్టన్ నడిచే దూరంలో, ఉంది. 302కి 76.2 మిల్లీమీటర్లు, 327కి 82.55, 350కి 88.4. స్ట్రోకును నిర్ణయించేది పిస్టన్లను నడిపే క్రాంకు ఇరుసు, బ్లాకు కాదు. కాబట్టి పోత అంకె ఇనుము ఏదో చెబుతుంది, ఆ ఇనుములో ఏం బిగించారో చెప్పదు. అది తెలియాలంటే బ్లాకు పైమూత అయిన హెడ్డు విప్పి, పిస్టన్ కింది కొస నుంచి పై కొస వరకు ఎంత దూరం నడుస్తుందో కొలవాలి. బోరు చేయించినప్పుడు సిలిండర్ వెడల్పు మారుతుంది, స్ట్రోకు మారదు. పాత ఇంజన్ విషయంలో నేను ముందు నమ్మే కొలత అదే.

మూడేళ్ల కిందట ప్రొద్దుటూరులో ఒక మిత్రుడు 1967 షెవ్రొలే ఇంపాలా కొనబోతూ నన్ను పిలిచాడు. అమ్మేవారు "కంపెనీ ఇంజన్, విప్పలేదు" అన్నారు. ఈ ఇంజన్లలో పోత అంకె వెనుక వైపు, గేరుబాక్సు కలిసే అంచు మీద, ఎడమ పక్కన ఉంటుంది. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. అమెరికా పుస్తకాల్లో 'డ్రైవరు పక్కన' అని రాసి ఉంటే మనం కుడి వైపు వెతుకుతాం. వాళ్ల డ్రైవరు కూర్చునేది ఎడమ వైపు. మా మిత్రుడు అరగంట కుడి వైపే తుడిచాడు. అక్కడ అంకె దొరకలేదు గానీ తేదీ దొరికింది, ఎందుకంటే ఆ అచ్చులో చాలావాటికి తేదీ ఉండేది ఆ వైపే.

ఆ అంచు నల్లటి జిడ్డుతో గట్టిపడి ఉంది. కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో రుద్దాం, ఆ తర్వాత ఇత్తడి తీగల బ్రష్షుతో. ఉక్కు బ్రష్షు వద్దని అన్నాను, అది అంచులను కొరుకుతుంది. ఆరిన తర్వాత బడిలో వాడే సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని పైపైన రుద్దాను. సుద్ద ఉబ్బు మీదే అంటుకుంటుంది, పల్లంలోకి దిగదు. హెచ్, 21, 2 అని తెల్లగా లేచింది. షెవ్రొలే వాళ్ల లెక్కలో ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి. అలా లెక్కపెడితే హెచ్ ఆగస్టు. తర్వాతది తేదీ, చివరిది సంవత్సరంలోని ఆఖరి అంకె. ఎడమ వైపు చిన్న అద్దం పెట్టి చూశాం. అద్దంలో అంకెలు తిరగబడతాయి, కంగారు పడి 2ను 5 అని చదవవచ్చు. అందుకే ఫోను లోపలికి దూర్చి ఫొటో తీశాం. 3970010 అని స్పష్టంగా ఉంది. ఆ అచ్చు 1969 మోడళ్లకు ముందు లేదు. కాబట్టి బ్లాకు 1972 ఆగస్టు 21న పోసినది. 1967 కారులో 1972 ఇంజన్ పుట్టుకతో ఉండే అవకాశమే లేదు. ఏ బ్లాకైనా కారు బిగించడానికి కొన్ని వారాలో నెలలో ముందే పోసి ఉండాలి కదా, తర్వాత కాదు. మిత్రుడు కారు వదులుకోలేదు. 'కంపెనీ ఇంజన్' అన్న మాటకు అడిగిన ధర తీసేయించి కొన్నాడు.

ఇదే ఇంజన్లలో పంచ్ నంబరు ముందు వైపు, కుడి హెడ్డుకు ముందున్న చదును మీద ఉంటుంది. V0506 అని మొదలైతే వి అంటే ఫ్లింట్ కర్మాగారం, 05 నెల, 06 తేదీ. మనం జూన్ 5 అని చదువుతాం, అది మే 6. ఆ చదును హెడ్డు కూర్చునే మట్టంలోనే ఉంటుంది. లేతు షాపులో బ్లాకు ఫేసింగ్ చేయించినప్పుడు, అంటే పై మట్టాన్ని చెక్కి చదును చేయించినప్పుడు, నంబరు కూడా కొట్టుకుపోతుంది. కాబట్టి నంబరు లేదనగానే దొంగ బండి అని నింద వేయకండి. ఫేసింగ్ బిల్లు అడగండి. అయితే కర్మాగారంలో ఆ చదును మీద ఒకే దిశలో పడిన సన్నటి గీతలు ఉంటాయి. గీతలు మాయమై నంబరు మాత్రం కొత్తగా మెరుస్తుంటే అప్పుడు అనుమానించాలి.

ఫోర్డు వాళ్ల పద్ధతి తొందరగా చెబుతాను. C8OE-6015 అని ఉంటే సి అంటే 1960ల దశాబ్దం, 8 కలిపితే 1968, 6015 అంటే బ్లాకు. డి వస్తే 1970లు. ఇది డిజైను చేసిన సంవత్సరం, పోసిన సంవత్సరం కాదు. ఆ అచ్చును తర్వాత ఏళ్లలో కూడా వాడి ఉండవచ్చు.

ఇక మన రోడ్ల మీద తిరిగిన బండ్లు. అంబాసిడర్‌లో చాలాకాలం వచ్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజన్ బ్రిటన్‌లోని బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్‌ది. బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. డీజిల్ అంబాసిడర్‌లో వచ్చినది కూడా అదే కుటుంబం, అదే 1489. ఈ బి-సిరీస్ ఇంజన్లలో చాలావాటికి నంబరును చిన్న రేకు మీద కొట్టి, బ్లాకుకు రివెట్లతో బిగించారు. రేకు ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు తేలికగా ప్రయాణం చేస్తుంది. నేను పనిలో చేరిన కొత్తలో రేకు చూసి, కాగితంతో సరిపోల్చి ఒక ఇంజన్ తెచ్చాను. హెడ్డు విప్పితే పిస్టన్ల నెత్తిన 060 అని ఉంది. అంటే అప్పటికే అరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటాం) పెద్ద బోరు అయిపోయింది, ఇంకోసారి చేయించడానికి గోడ మిగలలేదు. నాలుగు సిలిండర్లకూ లైనర్లు, అంటే లోపల కొత్త గొట్టాలు, వేయించాల్సి వచ్చింది. ఆ ఖర్చు మా యజమాని భరించారు, నాకు మాత్రం నెల రోజులు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి రివెట్లు చూడటం అలవాటైంది. పాత రివెట్టు చుట్టూ రంగు, జిడ్డు ఒకటిగా పేరుకుని ఉంటాయి.

జీపు విషయంలో అంకె కంటే ముందు ఆకారం చూడండి. విల్లీస్ ఇంజన్లు రెండూ 2199 సి.సి.వే, బోరు స్ట్రోకు ఒకటే. పాత దాంట్లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి, హెడ్డు పలకలా చదునుగా ఉంటుంది. తర్వాతి దాంట్లో గాలి లోపలికి వచ్చే వాల్వులు హెడ్డులోకి ఎక్కాయి, కార్బురేటరు నేరుగా హెడ్డు మీదే కూర్చుంటుంది. ఆ ఎత్తు కోసమే సీజే-3బి జీపు బానెట్ అంత ఎత్తుగా పెరిగింది. ఫియట్, పద్మిని ఇంజన్ 1089 సి.సి., బోరు 68, స్ట్రోకు 75. ఈ నాలుగు కొలతలు జేబు పుస్తకంలో రాసుకోండి.

ఇదంతా ఇష్టం కొద్దీ చేసే పని మాత్రమే కాదు. 2021 జులైలో కేంద్రం పాత వాహనాలకు ప్రత్యేక నమోదు నియమాలు తెచ్చింది. మొదటి నమోదు నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్నవాటికి వి.ఏ. అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు. అసలు రూపం అని దరఖాస్తులో రాసి సంతకం పెట్టే ముందు ఆ మాట నిజమో కాదో బ్లాకును అడగాలి. ఆర్.సి.లో ఒక నంబరు, బ్లాకు మీద ఇంకో నంబరు ఉన్న ఇంజన్‌ను ఎంత చౌకగా వచ్చినా ముట్టుకోవద్దని నా కోరిక. పంచ్ నంబరును శుభ్రం చేస్తున్నామని ఎమెరీ కాగితంతో రుద్దకండి. అది మనకు ముందున్న ఇద్దరు ముగ్గురు యజమానులు కాపాడి మనకిచ్చిన ఆధారం.

ఇక్కడ బల్ల మీద ఒక బ్లాకు పెట్టించాను. అది ఏ బండిదో నేను చెప్పను. పక్కన కిరోసిన్, ఇత్తడి బ్రష్షు, సుద్దముక్క, స్కేలు ఉన్నాయి. హెడ్డు విప్పే ఉంచాను. విద్యార్థులు ముందుగా రండి. మొదట ఉబ్బెత్తు అంకె వెతకండి, తర్వాత స్ట్రోకు కొలవండి. పంచ్ నంబరు ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టాను, ఆఖరున చూద్దాం.