రిలీవర్ వచ్చాకే కదలాలి

శ్రోతలకు నమస్కారం.

మా ఇల్లు విశాఖపట్నం కూర్మన్నపాలెంలో, రెండో అంతస్తు. నేను స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తాను. మా ఆవిడ ఒక స్కూల్లో టీచరు. నాకు సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, పడిన వారంలో మేమిద్దరం కలుసుకునేది ఇంట్లో కాదు, మెట్ల మీద. పొద్దున ఆరింటికి డ్యూటీ దిగి నేను ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. ఏడుంపావుకి ఆవిడ ఆటో. నేను ఎక్కుతుంటే ఆవిడ దిగుతుంటుంది. సంసారమంతా ఆ పది మెట్ల మీదే చేతులు మారాలి. "పాలు కాచానండీ. బాబుకి క్యారేజీ కట్టేశాను. పాపకి ఇడ్లీలు హాట్‌ప్యాక్‌లో ఉన్నాయి. గ్యాస్ బుక్ చెయ్యండి." కింద ఆటో అతను హారన్ కొడుతుంటాడు. ఆఖరి మాట నాకెప్పుడూ సగమే వినబడేది.

రెండేళ్ల కిందట ఒక పొద్దున, అలా వినబడని సగంలో ఒక ముఖ్యమైన సంగతి పోయింది. పాపకి అప్పుడు నాలుగేళ్లు, రాత్రంతా జ్వరం. నేను వెళ్లేసరికి ఒళ్లు వెచ్చగా ఉంది. ఫ్రిజ్ మీద పారాసిటమాల్ సిరప్ కనబడింది. కొలిచి పట్టించేశాను. ఎనిమిదింటికి మా ఆవిడ ఫోన్ చేసి, "ఆరింటికి మందు వేశాను, జ్వరం దిగిందా?" అంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మేం ఎప్పుడూ చూపించే పిల్లల డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే ఆయన వరసగా అడిగారు. మొదటిసారి ఎన్నింటికి వేశారు? ఎన్ని ఎమ్మెల్? సీసా మీద 125 అని ఉందా, 250 అని ఉందా? పాప బరువెంత?

నేను చేతిలో సీసా పట్టుకుని కూడా రెండే చెప్పగలిగాను. అదే ప్లాంట్‌లో నా చేతి కింద ఉన్న మోటారు గురించి అడిగితే నిద్రలో లేపినా చెబుతాను. మిగతావి ఆవిడకి ఫోన్ చేసి కనుక్కుని చెప్పాను. పాపకి ఏమీ కాలేదు. మళ్లీ ఎప్పుడు వెయ్యాలో చెప్పి, కనిపెట్టుకుని ఉండమన్నారు. ఆ సిరప్ మన షాపుల్లో రెండు రకాల బలంతో దొరుకుతుందనీ, 5 ఎమ్మెల్‌లో 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి అనీ, మోతాదు వయసును బట్టి కాకుండా బరువును బట్టి లెక్కగడతారనీ, రెండు డోసులకు మధ్య కనీసం నాలుగు గంటలు గడవాలనీ, రోజుకి నాలుగుసార్లకు మించకూడదనీ నాకు తెలిసింది ఆ రోజే. ఇద్దరు పిల్లల తండ్రిని. మీ ఇంట్లో ఉన్న సీసా ఏ రకమో ఒకసారి చూసుకోండి.

మా ప్లాంట్‌లో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలుములు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని వాటికి పేర్లు. మొదటిది 1990లో వెలిగింది. వంటింటి పొయ్యిలా పొద్దుపోయాక ఆర్పేసి తెల్లారి వెలిగించుకునేవి కావవి. లోపల చల్లబడి గడ్డకడితే మళ్లీ దారికి తేవడం మహా కష్టం. అందుకే ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు అని ఏ, బీ, సీ మూడు షిఫ్టులు. దిగేవాడు ఎక్కేవాడికి అన్నీ చెప్పాలి. ఏ వాల్వు మొరాయిస్తోంది, ఏది వేడెక్కుతోంది, ఏ పని సగంలో ఆగింది. లాగ్ బుక్‌లో టైమ్ వేసి రాయాలి, సంతకం పెట్టాలి. రిలీవర్, అంటే మన చోట డ్యూటీ ఎక్కేవాడు, రాకపోతే ఇంట్లో పెళ్లున్నా సరే, కదలడానికి లేదు.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం, మా రిలీవర్లు రాలేకపోయారు. ఎలా వస్తారు? చెట్లన్నీ రోడ్ల మీదే ఉన్నాయి. డ్యూటీలో ఉన్నవాళ్లం అక్కడే ఉండిపోయాం. ఫోన్లు మూగబోయాయి. మా బాబు అప్పుడు నాలుగు నెలల పిల్లాడు. రెండో రోజు పడుతూ లేస్తూ ఇల్లు చేరాను. కిటికీ రెక్క ఊడిపోయింది. మంచం తడిసి ముద్దయింది. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని వంటింటి మూల కూర్చునుంది మా ఆవిడ. నన్ను చూసి, "రిలీవర్ వచ్చాడా?" అంది. అంతే. అది నా గురించి అడిగిందనే అనుకున్నాను చాలా ఏళ్లు. ఆ రెండు రోజులూ తనకి రిలీవర్ లేడన్న సంగతి నాకు తట్టలేదు.

సరే, పాప మందు గొడవ అయ్యాక నేను చేసిన పనేమిటంటే, బాబు పాత లెక్కల నోట్‌బుక్‌లో మిగిలిన తెల్లకాగితాలకు దారం కట్టి ఫ్రిజ్ పక్కన మేకుకి తగిలించాను. ఇంటి లాగ్ బుక్. మా అమ్మ అప్పుడు ఊరి నుంచి వచ్చి ఉంది. "ఏట్రా ఈ రాతలు? మేం ఏ పుస్తకం పెట్టి పెంచేం మిమ్మల్ని?" అంది. నిజమే, మా ఇంట్లో పుస్తకం ఉండేది కాదు. మా మామ్మ ఉండేది. అరుగు మీద కూర్చుని ఎవడు తిన్నాడో, ఎవడు తినలేదో, ఎవడు ఏడ్చి వచ్చాడో అన్నీ చెప్పేది. మా ఫ్లాట్‌కి అరుగూ లేదు, మా అమ్మకి ఇక్కడ రెండు నెలలకు మించి కాలూ నిలవదు.

పుస్తకం బాగానే పనిచేసింది. మందు ఎన్నింటికి, ఎన్ని ఎమ్మెల్. ఫీజు ఆఖరి తేదీ. పాలవాడికి ఎంత బాకీ. ఆ ధీమాతోనే కాబోలు, ఒక తప్పు చేశాం. స్కూలు బస్సులో పెద్ద పిల్లలు "పొట్టోడా" అని ఏడిపిస్తున్నారని బాబు ఒక రాత్రి వాళ్లమ్మకి చెప్పుకున్నాడు. నాన్నకి చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఒట్టు వేసింది చెప్పనని కదా, రాయనని కాదు కదా అనుకుందో ఏమో, పుస్తకంలో రాసింది. నాకంటే ముందు వాడే చదివాడు.

"పుస్తకంలో నా గురించి కూడా రాస్తారా? నేనేమన్నా మోటారునా?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. పదేళ్లవాడికి అంత మాట ఎక్కడి నుంచి వచ్చిందా అనుకున్నాను గానీ, ఎక్కడి నుంచో కాదు, నా కబుర్లు విని వచ్చిందే. ఆ రోజు నుంచి వాడు వాళ్లమ్మతో కూడా ముక్తసరిగానే మాట్లాడాడు. ఆ పై వారం నాకు బీ షిఫ్టు. రాత్రి నేను వచ్చేసరికి పదకొండవుతుంది. అంతకుముందు నా కోసం మేలుకుని ఉండేవాడు. ఆ వయసు పిల్లలకి రోజుకి కనీసం తొమ్మిది గంటల నిద్ర ఉండాలంటారు, పడుకోరా అని నేనే కసిరేవాణ్ణి. ఇప్పుడు నిజంగానే పడుకుంటున్నాడు. నాకది బాగాలేదు. అందుకని పొద్దున్నే లేచి బస్సు వచ్చే మలుపు దాకా వాడితో నడవడం మొదలుపెట్టాను. ఏమీ అడగలేదు. అడక్కుండా ఉండటం ఫర్నేసు ముందు నిలబడ్డంత కష్టమని అప్పుడే తెలిసింది. నాలుగో రోజు వాడే, "నాన్నా, నీ చిన్నప్పుడు నిన్ను ఏమనేవారు?" అన్నాడు. చెప్పాను. బస్సు వచ్చేదాకా నవ్వాడు. నాకు పెట్టిన పేరు రేడియోలో చెప్పలేను.

అప్పటి నుంచి మనసులో మాటలు ఆ పుస్తకంలోకి ఎక్కకూడదని రూలు పెట్టాం. బాబు అట్ట మీద ఎర్ర పెన్నుతో రాశాడు కూడా.

ఇంకో సంగతి నేను అనుకోనిది. వేసవి సెలవుల్లో ఏమీ తోచక బాబు ఆ పుస్తకం ముందేసుకుని ఎవరు ఎన్ని లైన్లు రాశారో లెక్కపెట్టాడు. ఒక నెలలో అమ్మవి 63, నాన్నవి 14. నా పద్నాలుగులో ఐదు "ఓకే" అన్న మాటలే. "నువ్వు చెప్తే చేస్తాను కదా, ఎప్పుడన్నా కాదన్నానా?" అన్నాను మా ఆవిడతో. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండా, "చెప్పడం కూడా పనేనండీ" అంది.

ప్లాంట్‌లో నాకు ఎవరూ చెప్పరు. నా సెక్షన్‌లో ఏం కావాలో నేనే చూసుకుంటాను. ఇంట్లో మాత్రం హెల్పర్‌లా నిలబడి ఏం చెయ్యమంటావని అడుగుతున్నాను, ఇన్నేళ్లుగా. ఇప్పుడు పిల్లల టీకా కార్డులు, స్కూల్లో పేరెంట్స్ మీటింగులు, యూనిఫారాలు, చెప్పులు నా సెక్షన్. మొన్న పాపకి ఒక సైజు చిన్న బూట్లు కొన్నాను. మా ఆవిడ చూసింది. ఏమీ అనకుండా ఊరుకోవడానికి ఎంత కష్టపడిందో మొహంలో కనబడింది. మర్నాడు నేనే షాపుకి వెళ్లి మార్చుకొచ్చాను.

ఈ రోజు నాకు బీ షిఫ్టు. ఈ రికార్డింగ్ అవగానే ఇటునుంచి ఇటే డ్యూటీకి పోవాలి. వచ్చేముందు పుస్తకంలో రాసి వచ్చాను. పప్పు కడిగి కుక్కర్‌లో పెట్టాను, మూడు విజిల్స్ చాలు. పాప దగ్గు మందు పొద్దున తొమ్మిదింటికి వేశాను, మళ్లీ రాత్రి తొమ్మిదింటికి. కింద సంతకం పెట్టి, టైమ్ వేశాను.