వి.వి. గిరి ట్రిబ్యునళ్లను ఎందుకు వద్దన్నరు?

కాజీపేట రైల్వే కార్మికులకు, సింగరేణి నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం.

మన దేశానికి రాష్ట్రపతిగా చేసిన గిరి గారు 1894లో బరంపురంలో పుట్టిండ్రు, డబ్లిన్‌లో లా చదివిండ్రు. అవన్నీ పుస్తకాల్లో దొరుకుతయి. మనకు పనికొచ్చేది ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగడుతూ నేర్చుకున్నది. దేశంలోని కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి 1926లో, మళ్లీ 1942లో అధ్యక్షుడైన మనిషి, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయినంక కూడా ఒక్కటే మాట మీద నిలబడ్డరు: తగాదాను యూనియన్, యాజమాన్యం ఎదురెదురుగా కూర్చొని తేల్చుకోవాలె, సర్కారు దాన్ని బలవంతంగా ట్రిబ్యునల్‌కు, అంటే కార్మిక తగాదాల మీద తీర్పిచ్చే కోర్టు లాంటి దానికి, నెట్టొద్దు. దీన్నే 'గిరి అప్రోచ్' అన్నరు.

ఎందుకట్లన్నరు? 2025 నవంబరు దాకా నడిచిన 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద సర్కారు తగాదాను ట్రిబ్యునల్‌కు పంపితే, నడుస్తున్న సమ్మెను ఆపమని ఆర్డరు కూడా ఇయ్యగలిగేది. సమ్మె ఆగేది, కేసు మాత్రం ఆగకపోయేది. వాయిదాలు, వకీలు ఫీజులు, అవార్డు (అంటే ట్రిబ్యునల్ తీర్పు), దాని మీద అప్పీలు. అన్నదమ్ముల పొలం పంచాయితీ కోర్టుకెక్కినట్టే. నాయకుడు షిఫ్టు గేటు కాడ ఉండుడు మానేసి వకీలు ఇంటి చుట్టూ తిరుగుతడు. చందా కట్టెటోళ్లు తగ్గుతరు. ఇగ యాజమాన్యానికి మనతోని మాట్లాడే అవసరమేముంటది?

అయితే ఈ వాదన అంతటా నిలవదు. జగిత్యాలలో ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే అక్కకు ఎదురుగా కమీషన్ ఏజెంటే ఉంటడు, యజమాని కనబడడు. ఆమె ఎవరితోని బేరమాడాలె? గిరి మాట అప్పట్ల నెగ్గకపోవడానికి బలహీన సంఘాల భయం కూడా ఒక కారణమే.

1954లో బ్యాంకు ఉద్యోగులకు అప్పిలేట్ ట్రిబ్యునల్ (అప్పీళ్లు వినే పై ట్రిబ్యునల్) ఇచ్చిన తీర్పును సర్కారు మార్చింది. గిరి రాజీనామా చేసిండ్రు. ట్రిబ్యునల్ వద్దన్న మనిషి ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదలడం విడ్డూరమేం కాదు. కార్మికుణ్ని అక్కడిదాకా తీసుకపోయింది సర్కారే, తీర్పుకు కట్టుబడాల్సింది కూడా సర్కారే.

అట్ల పదవి వదిలిన మనిషే తర్వాత రాష్ట్రపతి అయిండ్రు. 1969 రాష్ట్రపతి ఎన్నికల్లో ఆయన స్వతంత్ర అభ్యర్థి. ఆ ఎన్నికల్లో ఎంపీ, ఎమ్మెల్యే ఓటు ఒక్కొక్కదానికి ఇంత అని విలువ కడతరు; చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలవాలంటే అందుల సగానికి ఒకటి ఎక్కువ, అంటే 4,18,169 కావాలె. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. ఎవరికీ సరిపోలే. అప్పుడు అందరికన్నా తక్కువ వచ్చినోళ్లను ఒక్కొక్కరినే తీసేసి, వాళ్ల బ్యాలెట్లను రెండో ప్రాధాన్యం ఎవరికుంటే వాళ్లకు కలిపిండ్రు. మూడో స్థానంలో ఉన్న దేశ్‌ముఖ్ ఓట్లు ఎక్కువగా సంజీవరెడ్డికే పోయినా, గిరి 4,20,077తో గట్టెక్కిండ్రు. సంజీవరెడ్డికి వచ్చినవి 4,05,427.

ఇగ మళ్ల బేరం ముచ్చటకు వస్తే, యాజమాన్యం ఏ సంఘంతోని బేరమాడాలన్న ప్రశ్నకు సింగరేణి 1998లో రహస్య బ్యాలెట్‌తో దారి చూపింది. కంపెనీ మొత్తం ఓట్లలో గెలిచింది గుర్తింపు సంఘం, ఒక్కో ఏరియాలో గెలిచింది ఆ ఏరియాకు ప్రాతినిధ్య సంఘం. 2023 డిసెంబరులో గుర్తింపు ఏఐటీయూసీకి దక్కింది. కానీ ఒకటి యాదుంచుకోండి: క్వార్టర్ల వంటి స్థానిక సమస్యల మీద గుర్తింపు సంఘం కొట్లాడగలదు గానీ, మూల జీతం తేలేది కోల్ ఇండియా స్థాయిలో, జేబీసీసీఐ (బొగ్గు పరిశ్రమ యాజమాన్యాలు, సంఘాలు కలిసి కూర్చునే కమిటీ) చర్చల్లోనే.